లోసార్టన్ పెట్టెలూ, 207వ అధికరణమూ

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరకి జరుపుకుంటాను.

ఈ సభలో బీపీకి మందు వాడేవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు. వాళ్లలో కొందరి మందుల చీటీలో లోసార్టన్ అనే పేరు ఉంటుంది. అక్కణ్నుంచే మొదలుపెడతాను. 2008 డిసెంబరులో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పంపిన లోసార్టన్ సరుకు బ్రెజిల్‌కి బయల్దేరింది. దారిలో నెదర్లాండ్స్‌లో దిగి మళ్లీ ఎక్కాలి, అంతే. ఆ సరుకులో ఒక్క గ్రాము కూడా ఐరోపాలో అమ్మడానికి కాదు. ఆ మందుకి మన దేశంలో పేటెంటు లేదు, బ్రెజిల్‌లోనూ లేదు. నెదర్లాండ్స్‌లో మాత్రం ఉంది. అక్కడి కస్టమ్స్ వాళ్లు సరుకు ఆపేశారు. 36 రోజులు ఆపి ఉంచారు. ఆఖరికి అది బ్రెజిల్ చేరలేదు, తిరిగి ఇండియాకే వచ్చింది. అక్కడ ఆసుపత్రుల్లో దాని కోసం ఎదురుచూసిన బీపీ రోగుల సంగతి ఒక్క క్షణం ఊహించుకోండి.

ఆ కస్టమ్స్ అధికారి సొంత బుద్ధితో ఆపలేదు. చేతిలో చట్టం ఉంది. 2003లో ఐరోపా సమాఖ్య, అంటే ఈయూ, చేసిన 1383వ నంబరు నిబంధన అది. దాని మొదటి పేజీ తెరిస్తే, ఏ అధికారంతో ఈ నిబంధన చేస్తున్నారో రాసి ఉంటుంది: ఆ దేశాలు కలిసి రాసుకున్న ఒడంబడికలోని 133వ అధికరణం. ఎవరు చేశారు? మంత్రుల మండలి. అంటే సభ్యదేశాల మంత్రులు తలుపులు వేసుకుని కూర్చుని చేసినది. ప్రజలు ఎన్నుకున్న యూరోపియన్ పార్లమెంటు ఆమోదం దానికి అక్కర్లేదు.

పదేళ్లకి, 2013లో, దాని స్థానంలో 608వ నంబరు నిబంధన వచ్చింది. దాని మొదటి పేజీలో 207వ అధికరణం అని ఉంటుంది. చేసినవాళ్లు పార్లమెంటూ మండలీ, ఇద్దరూ కలిసి. ఉపోద్ఘాతంలో మందుల గురించి ఒక పేరా కొత్తగా చేరింది. ఈయూ మీదుగా వేరే దేశానికి వెళ్తున్న మందుల విషయంలో, అవి దారి మళ్లి ఈయూ మార్కెట్లోకి వచ్చే అవకాశం గట్టిగా ఉందా అని కస్టమ్స్ వాళ్లు చూసుకోవాలని ఆ పేరా చెబుతుంది. లోసార్టన్ లాంటి సరుకుని ఊరికే పట్టుకోవడానికి వీల్లేకుండా చేసే మాట అది. ఇదంతా పార్లమెంటు పుణ్యమే అని నేననను. మన దేశం 2010 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు పెట్టింది. 2011 జులైలో ఈయూతో ఒక అవగాహన కుదిరింది. అదే ఏడాది డిసెంబరులో యూరోపియన్ కోర్టు కూడా ఈ దిశలోనే తీర్పిచ్చింది. అన్నీ కలిసి పనిచేశాయి. కానీ 133 అని ఉన్నచోట 207 అని ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. ఆ రెండు నంబర్ల మధ్య లిస్బన్ ఒడంబడిక ఉంది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1957లో ఆరు దేశాలు రోమ్‌లో ఒడంబడిక రాసుకున్నప్పుడు ఒక మాట అనుకున్నాయి. మన మధ్య సుంకాలు తీసేద్దాం, బయటివాళ్లకి మాత్రం అందరం ఒకే సుంకం వేద్దాం అని. బయటి గోడ ఒకటే అయినప్పుడు ఎవరికి వాళ్లు విడిగా బేరాలు ఆడుకుంటే ఆ గోడ నిలవదు. అందుకే బయటి దేశాలతో వ్యాపార బేరం అందరి తరఫునా కమిషన్, అంటే వాళ్ల ఉమ్మడి సంస్థ పనులు నడిపే యంత్రాంగం, ఆడుతుందని అప్పుడే రాసుకున్నారు. అది అప్పట్లో 113వ అధికరణం. మనకి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, మన రాజ్యాంగంలో కేంద్ర జాబితా, ఉమ్మడి జాబితా ఉన్నట్టే వాళ్లకీ ఉన్నాయి. వస్తువుల వ్యాపారం కేంద్ర జాబితాలో పడింది. 1975లో కోర్టు కూడా, ఇందులో సభ్యదేశాలకి వాటా లేదు, పూర్తిగా ఆ ఉమ్మడి సంస్థదే, అంటే ఇప్పటి ఈయూదే, అధికారం అని తేల్చింది.

చిక్కు తర్వాత వచ్చింది. 1957లో వ్యాపారం అంటే బొగ్గు, ఉక్కు, గోధుమలు, కార్లు. 1990ల నాటికి వ్యాపారం అంటే బ్యాంకింగ్, సాఫ్ట్‌వేర్, పేటెంట్లు కూడా. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం ఎవరు పెట్టాలని గొడవ వచ్చి కోర్టుకి వెళ్తే, 1994 నవంబరులో కోర్టు ఐరోపా ఉమ్మడి సంస్థకి ఇలా అభిప్రాయం చెప్పింది. వస్తువులు మీవే. సేవల్లో సరిహద్దు దాటి అందించేవి మాత్రం మీవి. మిగతా సేవలూ, మేధోసంపత్తిలో చాలా భాగం మీకూ సభ్యదేశాలకూ ఉమ్మడి. అందుకే ఆ సంస్థలో ఈయూ సభ్యురాలే, దాని దేశాలూ ఒక్కొక్కటీ సభ్యులే.

ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, నీస్ ఒడంబడికలు ఆ అధికారాన్ని కొంచెం కొంచెం జరిపాయి. పాత 113 నంబరు కూడా మధ్యలో 133 అయింది. వివరాల్లోకి పోను. నీస్‌లో సేవలు చేరాయి గానీ చదువు, వైద్యం, సంస్కృతి మినహాయింపుగా మిగిలాయి. రాజ్యాంగ ఒడంబడిక అని పెద్ద ప్రయత్నం చేస్తే 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలు వద్దన్నారు. దాన్నే చాలావరకు మళ్లీ తిరగరాసి 2007 డిసెంబరు 13న లిస్బన్‌లో సంతకాలు చేశారు. ఐర్లాండ్ ప్రజలు ఒకసారి వద్దని, రెండోసారి సరేనన్నాక 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది.

ఆ 133వ అధికరణమే లిస్బన్ తర్వాత 207 అయింది. వాణిజ్యానికి సంబంధించి లిస్బన్ తెచ్చిన ప్రధాన మార్పులు మూడు. సేవలు, మేధోసంపత్తిలో వ్యాపారానికి సంబంధించిన అంశాలు, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు ఇవన్నీ ఈయూ పూర్తి అధికారంలోకి వెళ్లాయి. వాణిజ్య చట్టాలు చేసేటప్పుడు పార్లమెంటు మండలితో సమానంగా కూర్చుంటుంది. వాణిజ్య ఒప్పందం ఖాయం కావాలంటే పార్లమెంటు అవునో కాదో చెప్పాలి. ఆఖరిది చదవడానికి చిన్న మాటలా ఉంటుంది. దాని బలం ఎంతో చూపిస్తాను.

నకిలీ సరుకుల్ని అరికట్టే పేరుతో యాక్టా అని ఒక ఒప్పందం తయారైంది. అమెరికా, జపాన్, ఈయూ, ఇంకొన్ని దేశాలు ఏళ్ల తరబడి గుట్టుగా మాట్లాడుకుని రాసుకున్నాయి. ఆ గదిలోకి మన దేశాన్ని రానివ్వలేదు. మొదటి ముసాయిదాల్లో పేటెంట్లు కూడా సరిహద్దు తనిఖీల కిందికి వచ్చాయి. చివరి పాఠంలో ఆ భాగం నుంచి పేటెంట్లు తీసేశారు, ట్రేడ్‌మార్కులు ఉండిపోయాయి. మందుల విషయంలో ట్రేడ్‌మార్కు చిన్న సంగతి కాదు. 2009లో మన దేశం నుంచి వనౌతు అనే చిన్న దీవుల దేశానికి వెళ్తున్న అమాక్సిసిలిన్‌ని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆపేశారు. ఆ పేరు ఒక బ్రాండు పేరుకి దగ్గరగా ఉందని వాళ్ల అనుమానం. అమాక్సిసిలిన్ అన్నది ఆ మందుకి అంతర్జాతీయంగా ఉన్న సాధారణ నామం. పారాసెటమాల్‌ని పారాసెటమాల్ అన్నట్టే. ఆ పేరు పెట్టినందుకు సరుకు ఆగిపోయింది.

2012 జనవరి 26న టోక్యోలో ఈయూ తరఫునా, 22 సభ్యదేశాల తరఫునా యాక్టా మీద సంతకాలు పడ్డాయి. పాత రోజులైతే కథ దాదాపు అక్కడితో అయిపోయేది. అదే రోజు, పార్లమెంటులో ఈ ఒప్పందం మీద నివేదిక రాయాల్సిన సభ్యుడు కాదర్ ఆరిఫ్, ఇది జరిగిన తీరు బాగాలేదని ఆ బాధ్యత వదిలేశాడు. పోలండ్‌లో గడ్డకట్టే చలిలో కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు. దాదాపు 28 లక్షల మంది సంతకాలతో పార్లమెంటుకి అర్జీ వెళ్లింది. 2012 జులై 4న ఓటింగ్ జరిగింది. కావాలన్నవాళ్లు 39 మంది, వద్దన్నవాళ్లు 478 మంది, 165 మంది ఎటూ వేయలేదు. అన్నేసి ప్రభుత్వాలు సంతకం పెట్టిన ఒప్పందం ఒక్క మధ్యాహ్నంలో ఐరోపాలో చచ్చిపోయింది. ఆ ఓటు వేసిన అధికారం వాళ్ల చేతికొచ్చి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

ఒప్పందంలో ఏముందని అడిగే ముందు, దానికి ఎవరి సంతకం కావాలని అడగమని నా విద్యార్థులకి ఎప్పుడూ చెబుతుంటాను. ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. తెనాలి దగ్గర మా అమ్మ పుట్టింటివాళ్లకి ఎకరంన్నర పొలం ఉండేది. తాతయ్య వీలునామా రాయకుండా పోయారు. వారసులు ఆరుగురు. బేరం కుదిరింది, బయానా తీసుకున్నారు, రిజిస్ట్రేషన్ రోజు పెట్టుకున్నారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు నీడలో డాక్యుమెంట్ రైటర్ బల్ల మీద దస్తావేజు పరిచి ఉంది. ఐదుగురి వేలిముద్రలు పడ్డాయి. ఆరోది మా పెద్దమ్మ కూతురిది. ఖరగ్‌పూర్ నుంచి రావాలి. అక్క రాలేదు. సిరా అంటిన బొటనవేలిని తలకి రాసుకుంటూ మా మావయ్య సాయంత్రం దాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు అప్పుడు పదహారేళ్లు.

అందరూ అక్క డబ్బు కోసం బెట్టు చేస్తోందనుకున్నారు. ఆమె పేచీ డబ్బు గురించి కాదు. పెద్దమ్మని దహనం చేసింది ఆ పొలం తూర్పు గట్టు మీద. అక్కడ అక్క ఒక కొబ్బరిమొక్క నాటింది. ఆ గట్టు అమ్మకంలో పోకూడదంది. ముందే ఎవరూ ఆమెని అడగలేదు. చివరికి దస్తావేజులో హద్దులు మార్చి రాశారు, గట్టు వదిలేసి మిగతాది అమ్మారు, అక్క వచ్చి వేలిముద్ర వేసింది. ఆ సంతకం అక్కర్లేకపోయి ఉంటే ఆ గట్టు గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క ఉండేది కాదు.

2016లో కెనడా ఒప్పందానికి ఇదే జరిగింది. సీటా అంటారు దాన్ని, దాదాపు 1,600 పేజీలు. అందులో పెట్టుబడుల రక్షణ, వివాదాల కోర్టు కూడా కలిపారు. అది మొత్తం ఈయూ అధికారమేనా, సభ్యదేశాలకీ వాటా ఉందా అన్నది అప్పటికి తేలలేదు. గొడవెందుకని దాన్ని మిశ్రమ ఒప్పందం అన్నారు. మిశ్రమం అంటే మా తాతయ్య పొలం లాంటిదే, ప్రతి వారసుడి సంతకమూ కావాలి. బెల్జియంలో అయితే కేంద్రం సంతకం పెట్టాలంటే రాష్ట్రాల్లాంటి ప్రాంతాలు కూడా ఒప్పుకోవాలి. వాలోనియా అనే ప్రాంతం, జనాభా 36 లక్షలు, నమూర్‌లో ఉన్న తన పార్లమెంటులో అక్టోబరు 14న వద్దని ఓటు వేసింది. వాళ్ల ముఖ్యమంత్రి పాల్ మాన్యెట్ పట్టు వదల్లేదు. రైతుల గురించి, పెట్టుబడిదారులు ప్రభుత్వాల మీద కేసులు వేసే కోర్టు గురించి ఆయన అభ్యంతరాలు. కెనడా ప్రధాని ట్రూడో రావాల్సిన శిఖరాగ్ర సమావేశం రద్దయింది. ఆఖరికి ఒప్పందం అర్థాన్ని వివరించే పత్రం జతచేశారు, ఆ కోర్టు చట్టబద్ధమా కాదా అని యూరోపియన్ కోర్టునే అడుగుతామని బెల్జియం మాటిచ్చింది, అక్టోబరు 30న సంతకాలయ్యాయి. అప్పట్లో పత్రికలు చాలావరకు వాలోనియాని మొండి పిల్లలా చూపించాయి. నేను అలా చూడలేను. వాళ్లు ఏడాది ముందు నుంచీ అభ్యంతరాలు చెబుతూనే ఉన్నారు, వినలేదు.

ఈ దెబ్బతో కమిషన్‌కి టెన్షన్ పట్టుకుంది. ప్రతి ఒప్పందానికీ దేశాల, ప్రాంతాల చట్టసభలు అన్నీ ఒప్పుకోవాలంటే బేరమాడేందుకు అవతలివాళ్లు ఎవరొస్తారు? 2017 మే 16న సింగపూర్ ఒప్పందం మీద కోర్టు అభిప్రాయం చెప్పింది. లిస్బన్ తర్వాత దాదాపు అంతా ఈయూ అధికారమే, సేవలు, పేటెంట్లు, కార్మిక పర్యావరణ నిబంధనలు కూడా. రెండు మాత్రం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి: ప్రత్యక్షం కాని పెట్టుబడులు, అంటే కంపెనీ నడపడంలో చెయ్యి పెట్టకుండా షేర్లు కొనడం లాంటివి, ఇంకా పెట్టుబడిదారు నేరుగా ప్రభుత్వం మీదకి వెళ్లే వివాద పరిష్కారం.

కోర్టు తూర్పు గట్టు ఎక్కడుందో చూపించింది. కమిషన్ వెంటనే దాన్ని వదిలి మిగతాది అమ్మే దారి పట్టింది. సింగపూర్ ఒప్పందాన్ని రెండుగా చీల్చారు. వాణిజ్య భాగం మండలి, పార్లమెంటు ఆమోదంతోనే 2019 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వియత్నాందీ అంతే, 2020 ఆగస్టు 1న. పెట్టుబడుల ఒప్పందాలు మాత్రం ఒక్కో దేశం ఆమోదం కోసం తిరుగుతున్నాయి. ఇప్పుడు మన సంగతి చూడండి. ఇండియా, ఈయూ మధ్య చర్చలు 2007లో మొదలై 2013లో ఆగిపోయాయి. 2022 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మూడు వేర్వేరు బల్లల మీద పెట్టారు: వాణిజ్యం ఒకటి, పెట్టుబడుల రక్షణ ఒకటి, భౌగోళిక గుర్తింపులు, అంటే ఒక ప్రాంతం పేరుతో అమ్మే సరుకులకి రక్షణ, ఒకటి. మూడు ఎందుకని మన పత్రికల్లో పెద్దగా ఎవరూ అడగలేదు. 2017 నాటి ఆ కోర్టు అభిప్రాయం చదివితే కారణం చాలావరకు తెలుస్తుంది.

పార్లమెంటు చేతికి అధికారం వస్తే మనకి ఎప్పుడూ మేలే జరుగుతుందని నేను చెప్పను. ఆ సభలో ఐరోపా రైతు గొంతు బలమైనది. కార్మిక, పర్యావరణ నిబంధనలు మన మీద గట్టిగా పెట్టమని వాళ్లే పట్టుబడతారు. అయినా 2011 మేలో అదే సభ, ఇండియాతో ఒప్పందంలో జనరిక్ మందులకి అడ్డుపడే డేటా హక్కులు, అంటే ఒక కంపెనీ చేసిన మందు పరీక్షల వివరాల మీద ఇంకొకరు ఆధారపడకుండా ఆపే హక్కులు, అడగొద్దని కమిషన్‌కి చెబుతూ తీర్మానం చేసింది. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగులు వాడే మందుల్లో చాలా భాగం మన దేశం నుంచి వెళ్తాయని వాళ్లకి తెలుసు. బహిరంగంగా ఓటు వేయాల్సిన మనిషికి ఆ రోగి మొహం గుర్తు రావడానికి వీలుంది.

ఒక తేదీ నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఐర్లాండ్ ప్రజలు లిస్బన్ ఒడంబడికకి సరేనంటూ రెండోసారి ఓటు వేసిన రోజు 2009 అక్టోబరు 2. అదే గాంధీ జయంతి రోజున కేరళలో కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా జనం చేతులు పట్టుకుని మానవహారంగా నిలబడ్డారు. అప్పటికి ఏడు వారాల కిందట, ఆగస్టు 13న, మన దేశం బ్యాంకాక్‌లో ఆసియాన్ దేశాలతో వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది. మిరియాలు, రబ్బరు, కొబ్బరి రైతులు మునిగిపోతారని వాళ్ల భయం. ఒకే రోజున ఒకచోట ప్రజలు ఒడంబడిక మీద ఓటు వేస్తున్నారు, ఇంకొకచోట సంతకం అయిపోయిన ఒప్పందం గురించి రోడ్డు మీద నిలబడ్డారు. ఆ ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన రాజ్యాంగం ప్రకారం విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. పార్లమెంటు ఓటు కూడా తప్పనిసరి కాదు. కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంటే చాలు, సుంకాల మార్పు నోటిఫికేషన్‌తో అయిపోతుంది. 36 లక్షల వాలోనియాకి ఉన్న మాట, ఐదు కోట్ల ఆంధ్రప్రదేశ్‌కి లేదు, తెలంగాణకి లేదు, కేరళకీ లేదు. ప్రతి రాష్ట్రానికీ వీటో కావాలని నేను అడగడం లేదు, అలా అయితే ఏ పనీ కాదు. కానీ ముసాయిదా దశలో రాష్ట్రాలని అడగడం, పార్లమెంటులో ఓటు పెట్టడం మన దేశానికి మోయలేని బరువు అంటే నేను ఒప్పుకోను.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

సభలో ఒక విద్యార్థిని: సార్, వాణిజ్య ఒప్పందం విడిగా పెట్టాక దానికి 27 దేశాల పార్లమెంట్లతో పని ఉండదా?

అమ్మా, చట్టప్రకారం అక్కర్లేదు. మండలిలో ఆ దేశాల మంత్రులు ఓటు వేస్తారు, సాధారణంగా ప్రత్యేక మెజారిటీ సరిపోతుంది. సంస్కృతి, సినిమా లాంటి వాటిలో భాషా సాంస్కృతిక వైవిధ్యానికి ముప్పు అనిపిస్తే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ పట్టుబట్టి పెట్టించిన రక్షణ అది. భాషని ప్రేమించేవాడిగా నాకు ఆ నిబంధన మీద గౌరవం ఉంది.

రొయ్యల చెరువులున్న ఒక రైతు: మాది భీమవరం దగ్గరండి. ఈక్వెడార్ రొయ్యకి అక్కడ సుంకం లేదంటారు, మాకుంది. పైగా మా సరుకుకి యాంటీబయాటిక్ పరీక్షలు ఎక్కువ చేస్తారు. మేం ఎవరికి చెప్పుకోవాలి?

అయ్యా, మీరడిగినవి రెండు వేర్వేరు విషయాలు. ఈక్వెడార్ 2017 జనవరి 1 నుంచి కొలంబియా, పెరూల ఒప్పందంలో చేరింది, అందుకే వాళ్లకి ఆ వెసులుబాటు. అది 207వ అధికరణం కిందికి వస్తుంది. మన తరఫున ఢిల్లీలో వాణిజ్య శాఖ మాట్లాడాలి, అక్కడ పార్లమెంటులో అంతర్జాతీయ వాణిజ్య కమిటీ వింటుంది. ఆ కమిటీ సమావేశాలు బహిరంగం, ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూడొచ్చు, మీ ఎగుమతిదారుల సంఘం లేఖ రాయొచ్చు. పరీక్షలు మాత్రం ఆహార భద్రత చట్టం కిందివి. 2016లో మన సరుకులో పరీక్షించే వాటాని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది ఆ దారిలోనే. దానికి కమిషన్‌లో ఆరోగ్య విభాగం వేరే ఉంది, మన వైపు ఎగుమతుల తనిఖీ మండలి ఉంది. అర్జీ రాసేటప్పుడు సుంకం మాటా, పరీక్షల మాటా ఒకే కాగితం మీద పెట్టకండి. విడివిడిగా రాసి, ఎవరిది వాళ్లకి పంపండి.